తేలిక బండికి బరువైన సలహాలు

చింతలపూడిలో ఒక కారు టైరు అరిగిందంటే పది నోళ్లు లేస్తాయి. పంక్చర్ షాపు బెంచీ మీద కూర్చున్నవాళ్లు, ఏలూరు టైర్ల షాపులో గుమస్తా, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే బావమరిది, అమెరికా నుంచి వీడియో కాల్‌లో పిన్ని కొడుకు, అందరూ ప్రేమగానే చెబుతారు. ఆ ప్రేమను కాదనను. ఆ సలహాల్లో చాలావాటిని మాత్రం కాదనాలి. అవి లారీకో, ట్రాక్టరుకో, రెండు టన్నుల పెద్ద బండికో పనికొచ్చేవి. తేలిక బండికి తగిలిస్తే ప్రాణం మీదికి తెస్తాయి.

తేలిక బండి అంటే ఏది? లోకంలో దానికి పెట్టింది పేరు మాజ్డా మియాటా, లోటస్ ఎలీస్ లాంటి రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు. 1989లో వచ్చిన మియాటా బరువు టన్ను లోపే. 1996 నాటి ఎలీస్ ముప్పావు టన్ను దరిదాపుల్లో ఉంటుంది. మన దేశంలో గోవాలోనూ శాన్ స్టార్మ్ అని ఫైబర్ బాడీతో రెండు సీట్ల కారు తయారుచేశారు. ఇలాంటివి మన మెట్టలో కంటపడటం అరుదు. ఇక్కడి కుర్రాళ్లకు స్పోర్ట్స్ కారంటే స్విఫ్టే. బరువు 900 కిలోలకు అటూఇటూ, తొక్కితే ఉరికే ఇంజిన్. పాత మారుతి 800 అయితే 650 కిలోల దగ్గరే ఆగుతుంది. బరువు లెక్కలో ఇవన్నీ ఒకే కుటుంబం. టైరు విషయంలో వీటికి వర్తించే నియమాలూ ఒకటే.

ఇక రోడ్డు సంగతి. పొద్దున్నే సత్తుపల్లి వైపు వెళితే బొగ్గు లారీలు రాల్చిన నుసి. చింతలపూడి చుట్టుపక్కల ఊళ్లలో ఎర్ర గ్రావెల్, కోతల కాలంలో తారు మీద ఆరబోసిన మొక్కజొన్న, ధాన్యం. మధ్యాహ్నానికి ఏలూరు దాటి కైకలూరు రోడ్డెక్కితే చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్లు, చెరువుల్లోంచి ఎక్కిన ట్రాక్టర్లు తారుకు పూసిపోయిన నల్లమట్టి జిగురు. వాన పడితే ఇవన్నీ కలిసి ఒకటవుతాయి. ఈ దారుల్లో తిరిగే తేలిక బండికి టైరు కొనేటప్పుడు మొదట అడగాల్సింది ఒక్కటే: తడిలో పట్టు ఎంత? తక్కినవన్నీ దాని తర్వాతే. ఆ ప్రశ్నకు అడ్డొచ్చే సలహాలను వరసగా చూద్దాం.

1. “వెడల్పు టైరు వేయించెయ్ బావా, బండి నేలకి అతుక్కుపోద్ది”

అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఇదే, ఎక్కువ చెరుపు చేసేదీ ఇదే. టైరు నేలను తాకే జాగా ఎంతన్నది ముఖ్యంగా రెండిటి మీద ఆధారపడుతుంది: దాని మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి. 900 కిలోల బండిలో ఒక్కో చక్రం మీద సగటున 225 కిలోలు. గాలి 30 పీఎస్ఐ అనుకుంటే నేలను తాకే జాగా సుమారు 110 చదరపు సెంటీమీటర్లు. టైరు వెడల్పు పెంచితే ఈ జాగా పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. పొడుగ్గా ఉన్నది పొట్టిగా, అడ్డంగా సాగుతుంది.

ఎండిన తారు మీద మలుపు తిరిగేటప్పుడు దీనివల్ల కొంత లాభం ఉన్నమాట నిజం. నీళ్లలో మాత్రం కథ తిరగబడుతుంది. కొల్లేరులో తాటి దోనెను, వెడల్పాటి తెప్పను పక్కపక్కన చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. దోనె సన్నటి ముక్కుతో నీటిని చీల్చుకుంటూ పోతుంది, తెప్ప నీటి మీద పరుచుకుని తేలుతుంది. వెడల్పు టైరు తన ముందున్న నీటిని ఎక్కువ దూరం పక్కకు నెట్టాలి. అలా నెట్టడానికి పైనుంచి బరువు కావాలి. తేలిక బండి దగ్గర లేనిదే ఆ బరువు. నెట్టలేని నీరు టైరు కిందికి చేరి బండిని పైకెత్తుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు తొక్కినా చక్రానికి నేల అందదు.

గాలి ఒత్తిడికీ తేలే వేగానికీ ఉన్న సంబంధాన్ని 1960లలో నాసా లాంగ్లీ కేంద్రంలో విమానాల రన్‌వేల కోసం పరిశోధించి లెక్కగట్టారు. గాట్లు తోడిపోయలేనంత నీరు నిలిచినచోట, ఆ సూత్రం ప్రకారం 30 పీఎస్ఐ ఉన్న టైరు గంటకు 90 కిలోమీటర్ల ప్రాంతంలో నీటి మీద తేలుతుంది. 20 పీఎస్ఐకి దిగితే 75 దగ్గరే తేలుతుంది. టైరు వెడల్పు పెరిగితే, గాట్లు అరిగితే ప్రమాదం ఇంకా ముందే ఎదురవుతుంది. గాలి చూసుకోకుండా కైకలూరు రోడ్డు మీద వానలో ఎనభైలో పోయే కుర్రాడు ఏ అంచున పోతున్నాడో ఈ లెక్క చెబుతుంది.

తేలిక బండి తయారుచేయడంలో ఆరితేరినవాళ్లు ఏం చేశారో చూడండి. మొదటి మియాటాకు వేసింది 185/60 ఆర్14. మొదటి ఎలీస్ ముందు చక్రాలకు 185/55 ఆర్15. మన స్విఫ్ట్ పై వేరియంట్లకు కంపెనీ ఇచ్చేది 185/65 ఆర్15. ప్రపంచమంతా మెచ్చుకున్న స్పోర్ట్స్ కార్లకు సరిపోయిన 185 మిల్లీమీటర్లు చింతలపూడి బండికి చాలకుండా పోవు.

2. “రిమ్ము పెద్దది, టైరు అంచు సన్నది... అదీ లుక్కు!”

పెద్ద అల్లాయ్ చక్రం సాధారణంగా బరువు ఎక్కువ. స్ప్రింగుల కింద ఉండే ఈ బరువు ఒక్కో కిలో పెరిగేకొద్దీ, గతుకు మీద చక్రం పైకి లేచి మళ్లీ నేలను పట్టడానికి ఆలస్యమవుతుంది. రెండు టన్నుల బండిలో ఇది తెలియదు. 900 కిలోల బండిలో నడుముకే తెలుస్తుంది. పైగా అంచు సన్నబడితే గుంతలో పడ్డప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగేది టైరు పక్కగోడే. లోపలి దారాలు తెగి పక్కన బుడగ వస్తుంది. బుడగ వచ్చిన టైరుకు మరమ్మతు లేదు. తీసి పారేయాల్సిందే.

రిమ్ము మార్చితీరాలని పట్టుబట్టేవాళ్లు కనీసం లెక్క తప్పకూడదు. 185/65 ఆర్15 టైరు మొత్తం ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 కూడా దాదాపు అంతే. 165/80 ఆర్14 కూడా 620 దగ్గరే ఉంటుంది. అందుకే ఒకే మోడల్‌లో కింది వేరియంటుకు 14, పై వేరియంటుకు 15 అంగుళాల చక్రాలు ఇవ్వగలుగుతున్నారు. 205/65 ఆర్15 వేయిస్తే ఎత్తు 647కు పోతుంది. అంటే నాలుగు శాతం పైనే పెరిగింది. స్పీడోమీటరు చూపే వేగం కంటే బండి వేగం అదే శాతం పెరుగుతుంది. చిన్న ఇంజిన్ లాగడానికి బరువెక్కుతుంది. చక్రం తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకునే అవకాశమూ ఉంది. బండి మీద మోజుతో చేసిన ఖర్చు ఆ బండి చురుకుదనాన్నే తినేస్తే ఎంత అన్యాయం!

3. “మన రోడ్లకి గట్టి టైరుండాలండి, వ్యాన్ టైరు వేయించండి”

టైరు మీద కొలత తర్వాత వచ్చే 85టీ, 88హెచ్ లాంటి గుర్తులో అంకె మోయగల బరువుకు, అక్షరం తట్టుకోగల వేగానికి. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు, 88 అంటే 560 కిలోలు. టీ అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210. కంపెనీ చెప్పిన అంకెకు తగ్గకూడదు, ఇది మీరరాని నియమం. దీన్ని తలకిందులు చేసి ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అనుకోవడంలోనే తప్పుంది. సరుకు వ్యాన్ల కోసం చేసిన ఎక్కువ ప్లైల టైరు పక్కగోడ బండబారి ఉంటుంది. నిండా సరుకెత్తినప్పుడు ఒదిగేలా తయారుచేసిన టైరు అది. దాన్ని తేలిక కారుకు వేస్తే ఒదగదు, గతుకు మీద ఎగిరిపడుతుంది. ఎగిరిన క్షణం చక్రానికి నేల లేదు, నేల లేనిచోట బ్రేకూ లేదు. గ్రావెల్ రాళ్లకు భయపడి ఈ పని చేసేవాళ్లు, కంపెనీ చెప్పిన కొలతలోనే దళసరి పక్కగోడ ఉన్న మంచి కారు టైరు అడిగి తీసుకోండి. రాయికీ ఆగుతుంది, బండీ బాగుంటుంది.

4. “రెండే కొంటున్నావా తమ్ముడూ? అయితే కొత్తవి ముందుకి వేసెయ్”

ఇది ఎంత సబబుగా వినిపిస్తుందంటే, దీన్ని కాదన్నవాణ్ణి వింతగా చూస్తారు. ఇంజిన్ ముందే ఉంది, స్టీరింగ్ ముందే, బ్రేకు భారం కూడా ఎక్కువ ముందే. కాబట్టి కొత్త టైర్లు ముందుకే అనుకుంటాం. టైర్ల కంపెనీలు మాత్రం దీనికి సరిగ్గా ఎదురు చెబుతాయి: రెండే కొంటే కొత్తవి వెనక్కే వేయాలి.

తడిలో ముందు చక్రాలు జారితే బండి మలుపు తిరగకుండా నేరుగా పోతుంది. అది మీ చేతికి తెలుస్తుంది, యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనక చక్రాలు జారితే మాత్రం బండి బొంగరంలా తిరిగిపోతుంది. దాన్ని సరిచేయడం నేర్పున్న డ్రైవరుకే కష్టం. పైగా చిన్న బండిలో వెనక సీటు ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువు చాలా తక్కువ. కొల్లేరు గట్టు రోడ్డు మీద అటూ ఇటూ చేపల చెరువులే ఉంటాయి. అక్కడ బండి అడ్డం తిరిగితే ఆపడానికి రోడ్డు వారన జాగా ఉండదు. పాతవి బాగున్నంతవరకు ముందు చక్రాలకు వేసుకోండి, అరిగాక మార్చండి. నాలుగూ ఒకేసారి మార్చగలిగితే అంతకంటే మంచిది లేదు. ఒకే ఇరుసుకు ఈ పక్క ఒక రకం, ఆ పక్క ఒక రకం మాత్రం ఎన్నడూ వద్దు.

5. “గాట్లున్నాయిగా, ఇంకో రెండేళ్లు లాగేయొచ్చు”

టైరుకు రెండు చావులు: అరుగుదల ఒకటి, వయసు ఒకటి. తక్కువ తిరిగే బండికి రెండోదే ముందు వస్తుంది. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, ఎండకు తొందరగా పగులుతుంది. గాట్లు నిండుగా ఉన్నా గట్టిపడిన రబ్బరు తడి తారును పట్టుకోదు. అయిదేళ్లు దాటిన టైరును ఏటా విప్పించి, లోపలా బయటా చూపించండి. పదేళ్లు నిండితే చూపుకు ఎంత బాగున్నా తీసేయండి. డిక్కీలో పడుకున్న స్టెప్నీకీ ఇదే నియమం. నేలకు తగలనిది కాబట్టి కొత్తదేననుకుంటాం. వయసు దానికీ వస్తుంది.

షాపులో ఇచ్చే తగ్గింపు ధరకూ ఈ నాలుగంకెలకూ చాలాసార్లు చుట్టరికం ఉంటుంది. బేరం ఆడేముందు తేదీ చదవండి.

ఇక అరుగుదల. గాట్ల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అంచున టీడబ్ల్యూఐ అక్షరాలో చిన్న త్రిభుజమో వాటి చోటు చూపిస్తుంది. రబ్బరు ఆ దిమ్మలతో సమానమైతే చట్టం ప్రకారం టైరు ఆయుష్షు తీరింది. కొత్త టైరు గాటు లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లుంటుంది. తేలిక బండితో వానాకాలం డెల్టాలో తిరిగేవాళ్లు 1.6 దాకా ఆగకండి. 3 మిల్లీమీటర్లకు వస్తే తొలకరికి ముందే మార్చండి.

6. “అరిగితే ఏం, మళ్లీ గాట్లు చెక్కించుకో”

వేడి బ్లేడుతో నున్నటి టైరు మీద గాట్లు గీసి కొత్తదానిలా చూపించే పని ఇంకా అక్కడక్కడ జరుగుతోంది. కారు టైరులో గాటు అడుగుకూ లోపలి ఉక్కు తీగల పొరకూ మధ్య రబ్బరు చాలా పలచన. దాన్ని ఇంకా చెక్కితే నీళ్లు తీగను చేరతాయి, తీగ తుప్పు పడుతుంది, ఒకరోజు వేగంలో పైపొర ఊడి లేస్తుంది. తిరిగి చెక్కడానికి వీలుగా తయారుచేసినవి కొన్ని లారీ టైర్లు, ఆ సంగతి వాటి మీదే రాసి ఉంటుంది. కారు టైర్లు అందుకు పుట్టలేదు. సెకండ్ హ్యాండ్ టైరు కొనకపోవడానికి కూడా ఇదొక కారణం. పాత గాటేదో, చెక్కిన గాటేదో, లోపల ఎన్ని దెబ్బలున్నాయో పైకి కనపడదు.

7. “ఎండాకాలం కదా, గాలి తగ్గించి పట్టించు... లేకపోతే పేలుద్ది”

రోహిణి కార్తెలో ఏలూరు పరిసరాల్లో ఎండ 45 డిగ్రీలకు ఎక్కినప్పుడు ఈ సలహా ఇంటింటా తిరుగుతుంది. దీన్ని పాటించడమే టైరు పేలడానికి దారి. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా మడత పడి లేస్తుంది. ఆ మడతల వల్ల లోపల వేడి పుడుతుంది, వేడికి దారాలు, రబ్బరు విడిపోతాయి. ఎండకు గాలి ఒత్తిడి పెరగడం నిజమే. అయిదారు డిగ్రీలకు ఒక పీఎస్ఐ లెక్కన పెరుగుతుంది. ఆ పెరుగుదలను కంపెనీ ముందే లెక్కలో వేసుకుంది. డ్రైవరు తలుపు తీస్తే ఫ్రేము మీద అంటించిన స్టిక్కరులో ఉన్న అంకె చల్లారిన టైరుకు. పొద్దున్నే, బండి తీయకముందు లేదా ఇంటి దగ్గర్లోనే పట్టించండి. మిట్టమధ్యాహ్నం యాభై కిలోమీటర్లు నడిపొచ్చి, ఒత్తిడి ఎక్కువుందని గాలి తీయించకండి.

టైరు పక్కగోడ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి అంకెను చూసి అంతా నింపేవాళ్లూ ఉన్నారు. అది టైరు భరించగల హద్దు, మీ బండికి కావాల్సిన కొలత కాదు. నైట్రోజన్ విషయానికొస్తే, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బిచ్చి పట్టించుకుంటే నష్టం లేదు. అది పట్టించామన్న ధీమాతో నెలకోసారి ఒత్తిడి చూడటం మానేస్తే నష్టం.

8. “రేసుల్లో వాడే టైరు తెప్పిస్తా అన్నయ్యా, దానికి తిరుగు లేదు”

ఇది విదేశాల్లో ఉన్న పిల్లల సలహా. వాళ్లక్కడ మియాటాతో వారాంతంలో ట్రాక్ మీదికి వెళతారు. ట్రెడ్‌వేర్ 200 తరగతి టైర్లు, అంటే రబ్బరు మెత్తగా, గాట్లు తక్కువగా ఉండేవి, అక్కడ అద్భుతంగా పనిచేస్తాయి. వేడెక్కాకే వాటి పట్టు బయటికొస్తుంది. తేలిక బండి ఊరి రోడ్డు మీద వాటిని అంత వేడెక్కించలేదు. గాట్లు తక్కువ కాబట్టి వానలో నీళ్లు తోడలేవు. మెత్తన కాబట్టి గ్రావెల్‌కు తొందరగా కోసుకుపోతాయి.

రేసు అనగానే గాట్లు లేని నున్నటి టైరే గుర్తొస్తుంది కదా. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ పందెం జరిగింది. డ్రైవరుతో కలిపినా ఆ కార్లు మన స్విఫ్ట్ కంటే తేలికే. వాటికి వేసినవి హాన్‌కూక్ కంపెనీ చేసిన గాట్లున్న టైర్లు, ఎండకూ వానకూ అవే. వీధుల్లో పందెం ఆడేవాళ్లే గాట్లున్న టైరు మీద నడుపుతుంటే, నిజంగా వీధిలో తిరిగే మనకు వేరే ఆలోచన అనవసరం.

9. “స్టార్లు ఎక్కువున్న టైరు కొనండి, కళ్లు మూసుకుని”

ఫ్రిజ్జుకు, ఏసీకి ఉన్నట్టే టైర్లకూ బీఈఈ స్టార్ లేబుల్ వచ్చింది. అది చెప్పేది ఇంధనం ఆదా గురించి, అంటే టైరు ఎంత సులువుగా దొర్లుతుందన్న దాని గురించి. మంచిదే. కానీ సులువుగా దొర్లే గుణమూ తడిని గట్టిగా పట్టే గుణమూ ఒకే రబ్బరులో కుదర్చడం తయారీదారుకు కష్టమైన పని. మంచి కంపెనీలు రెండూ చేస్తున్నాయి, అన్ని టైర్లలో కాదు. తడిపట్టు, దొర్లుడు, శబ్దం ఈ మూడిటికీ ఏఐఎస్-142 అనే ప్రమాణాన్ని కేంద్రం 2022 నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చింది. అది కనీస హద్దు. ఆ హద్దు పైన ఏ మోడల్ ఎంత మేలన్నది మీరు అడగాలి. యూరప్ లేబుల్ దొరికే మోడల్ అయితే తడిపట్టుకు ఏ నుంచి ఈ దాకా అక్షరం ఉంటుంది, ఏ లేదా బీ ఎంచుకోండి. యూటీక్యూజీ గుర్తులుంటే ట్రాక్షన్ దగ్గర ఏఏ లేదా ఏ చూడండి. అది తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేసే పరీక్షలో వచ్చిన మార్కు.

‘ఫలానా కంపెనీ అయితే చాలు’ అనే మాటా ఇలాంటిదే. ఒకే కంపెనీలో మైలేజీ కోసం చేసినవి, పట్టు కోసం చేసినవి వేరువేరు మోడళ్లు. ఇప్పుడు మన రాష్ట్రంలోనే, సత్యవేడు దగ్గర చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీ 2020 నుంచి టైర్లు చేస్తోంది. సరుకుకు కరువు లేదు, అడిగి తీసుకోవడానికి మొహమాటమూ అక్కర్లేదు.

షాపులో ఏం చేయాలి?

మొదట డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు ఫోటో తీసుకుని వెళ్లండి. కంపెనీ ఇచ్చిన కొలత, బరువు అంకె, వేగం అక్షరం, మూడూ చెప్పండి. ఆ కొలతలో తడిపట్టు బాగున్న మోడళ్లు రెండు మూడు చూపించమనండి. ఐఎస్ఐ గుర్తు, తయారీ వారం చదవండి. ఆరు నెలల లోపుది అడగండి, ఏడాది దాటితే వద్దనండి. కొత్త వాల్వులు వేయించండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ చేయించండి, అలైన్‌మెంట్ కాగితం చేతికి తీసుకోండి. అల్లాయ్‌ల కోసం దాచిన డబ్బుంటే అది టైర్ల మీద పెట్టండి. కొత్త టైరు పైన అచ్చు నుంచి విడిపించే పదార్థం పలచగా అంటుకుని ఉంటుంది. అది పోయేదాకా, అంటే మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, మలుపుల్లో నిదానంగా వెళ్లండి. పక్కగోడకు పంక్చర్ పడితే ఎవరు వేస్తానన్నా వేయించకండి.

చివరగా, చింతలపూడి నుంచి తాడేపల్లిగూడెం దాకా టైర్ల షాపులు నడిపే అన్నదమ్ములందరికీ ఒక విన్నపం. మీ మాటకు ఈ ప్రాంతంలో విలువుంది. మా పిల్లలు మమ్మల్ని అడగరు, మిమ్మల్ని అడుగుతారు. వెడల్పు కావాలని వచ్చిన కుర్రాడికి ఒక్కసారి కంపెనీ స్టిక్కరు చూపించండి. రెండే టైర్లు కొన్నవాళ్లకు కొత్తవి వెనక్కి వేసి, ఎందుకో చెప్పండి. బిల్లు మీద కొలతతో పాటు తయారీ వారం కూడా రాయండి. దీనివల్ల మీకు పోయేది ఏమీ లేదు, వానలో కైకలూరు రోడ్డెక్కిన ఒక బండి క్షేమంగా ఇల్లు చేరుతుంది.